పాలలో బీటా హెచ్‌సీహెచ్: కోనసీమలోని ఒక గేదెల పాక కేస్ స్టడీ

కోనసీమలోని ఒక పాల సేకరణ కేంద్రం నుంచి వచ్చిన గేదె పాల నమూనాలో బీటా హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్ (బీటా హెచ్‌సీహెచ్) అనే ఆర్గానోక్లోరిన్ జాతి, అంటే క్లోరిన్ కలిసిన పురుగుమందుల జాతి, అవశేషం అనుమతించిన హద్దును దాటి కనిపించింది. ఇప్పుడు దాన్ని చల్లే రైతు లేడు, అమ్మే కొట్టూ లేదు. అది కలిసి ఉండే బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి మీద దేశంలో 1997 ఏప్రిల్ 1 నుంచే నిషేధం అమల్లో ఉంది. అలాంటప్పుడు నిషేధం వచ్చిన చాలా ఏళ్ళకు పుట్టిన గేదె పాలలోకి ఆ పదార్థం ఎలా చేరిందన్నదే ఈ కేసులోని ప్రశ్న. పురుగుమందుల అవశేషాలను విశ్లేషించే రసాయనికుడిగా నేను ఇందులో మొదటి నమూనా నుంచీ పనిచేశాను. పశువుల సంగతులు నాతో పాటు తిరిగిన పశువైద్యుడు చూసుకున్నారు. గ్రామం పేరు, రైతు పేరు, పాలు సేకరించే సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

ఎవరూ కావాలని తయారు చేయని పదార్థం

బెంజీన్‌ను అతినీలలోహిత కాంతిలో క్లోరిన్‌తో కలిపితే హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్, పొట్టిగా హెచ్‌సీహెచ్, తయారవుతుంది. మైకేల్ ఫారడే 1825లోనే దీన్ని తయారు చేసినా, పురుగులను చంపే గుణం దీనికి ఉందని 1940ల తొలి సంవత్సరాల్లో గాని బయటపడలేదు. వ్యాపారంలో దీనికి స్థిరపడిన బీహెచ్‌సీ అనే పేరే మన రైతులకు తెలుసు. ఆ రసాయన చర్యలో ఒకే పదార్థం రాదు. అణువులో క్లోరిన్‌లు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్న దాన్ని బట్టి కొన్ని ఐసోమర్లు, అంటే అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలు, కలగలిసి వస్తాయి. ముడి సరుకులో ఆల్ఫా 60 నుంచి 70 శాతం, బీటా 5 నుంచి 12 శాతం, గామా 10 నుంచి 15 శాతం, డెల్టా 6 నుంచి 10 శాతం దాకా, ఎప్సిలాన్ కొద్దిగా ఉంటాయి. వీటిలో పురుగును చంపేది గామా మాత్రమే. దాన్ని విడదీసి శుద్ధి చేస్తే లిండేన్ అవుతుంది; గామా ఐసోమర్‌ను 1912లో వేరు చేసిన డచ్చి రసాయనికుడు వాన్ డెర్ లిండెన్ మీదుగా ఆ పేరు వచ్చింది. ఒక టన్ను లిండేన్ తీస్తే ఆరు నుంచి పది టన్నుల దాకా ఇతర ఐసోమర్లు మిగులుతాయి. వాటిని ఏం చేయాలో తెలియక స్పెయిన్‌లోని సాబిన్యానిగోలోనూ, మన దేశంలో లక్నో దగ్గరి ఉమ్మరిలోనూ గుట్టలుగా పారబోశారు. ఆ గుట్టల సమస్య నేటికీ తీరలేదు.

మన పొలాలకు వచ్చిన సరుకు చాలా వరకు లిండేన్ కాదు. ఐసోమర్లను విడదీయకుండా, ముడి హెచ్‌సీహెచ్‌నే సుద్దలాంటి పొడిలో కలిపి 10 శాతం బీహెచ్‌సీ పొడిగా అమ్మేవారు. గోదావరి జిల్లాల్లో దాన్ని గమాక్సిన్ అనేవారు, పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. వరిలో హిస్పా పురుగుకూ, పాలు పోసుకునే కంకి మీద చేరే కంకినల్లికీ దాన్ని చల్లేవారు. ఇళ్ళలో చీమల బారుల మీదా వేసేవారు. రైతు కొన్న పొడి వంద పాళ్ళలో హెచ్‌సీహెచ్ పది పాళ్ళు కాగా, అందులో పురుగును చంపే గామా ఒకటి, ఒకటిన్నర పాలు మాత్రమే. అంటే మందు కన్నా ఆరు నుంచి తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉప ఉత్పత్తులే ఆ బస్తాలో ఉండేవి. లిండేన్ ఫ్యాక్టరీ గుట్టగా పోసి వదిలించుకోవలసిన భాగాన్ని ఇక్కడ రైతు డబ్బు పెట్టి కొని, గుడ్డలో మూటగట్టి చేలో దులిపాడు. ఈ మాట కఠినంగా ఉన్నా, లెక్క మాత్రం అదే చెబుతుంది.

ఆ ఉప ఉత్పత్తుల్లో పరిమాణంలో పెద్దది ఆల్ఫా అయినా, ఎక్కువ కాలం నిలిచేది బీటా. బీటా అణువులో ఆరు క్లోరిన్‌లూ వలయం చుట్టూ పక్కలకే పరచుకుని ఉంటాయి. క్లోరిన్, దాని పక్క కార్బన్ మీది హైడ్రోజన్ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు దిక్కుల్లో ఉన్నప్పుడు క్షారం తగిలితే ఆ రెండూ కలిసి ఊడిపోవడం తేలిక. బీటాలో అలాంటి జత ఒక్కటి కూడా ఉండదు. అందుకే మిగతా ఐసోమర్లను విడగొట్టే క్షారం బీటాను వేల రెట్లు నెమ్మదిగా గాని విడగొట్టలేదు. సూక్ష్మజీవులకు కూడా దాన్ని విడగొట్టడం కష్టమే. ఐసోమర్లన్నింటిలో నీటిలో అతి తక్కువగా కరిగేదీ, గాలిలోకి అతి తక్కువగా ఆవిరయ్యేదీ ఇదే. కొవ్వులోకి చేరితే కదలదు. మనిషి శరీరంలో దీని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు ఏడేళ్ళు పడుతుంది. తేలిగ్గా విచ్ఛిన్నం కాని విష రసాయనాల మీద కుదిరిన అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందపు సభ్య దేశాలు 2009లో లిండేన్‌తో పాటు ఆల్ఫా, బీటా హెచ్‌సీహెచ్‌లను కూడా నిర్మూలించవలసిన పదార్థాల జాబితాలో చేర్చాయి. ఎవరూ కావాలని తయారు చేయని పదార్థాలను అలా విడిగా పేర్కొనవలసి రావడానికి కారణం వాటి మొండితనమే.

నమూనా, విశ్లేషణ

పాలు సేకరించే సంస్థ తన కేంద్రాల్లోని బల్క్ కూలర్ల నుంచి అప్పుడప్పుడు పాలు తీసి అవశేషాల పరీక్షకు పంపుతుంది. అలా వచ్చిన వాటిలో ఒక కూలరు పాలలో మాత్రం క్రొమటోగ్రామ్‌లో, అంటే పదార్థాలను విడదీసే పరికరం గీసే గీతలో, బీటా రావలసిన చోట పీక్ (శిఖరం) స్పష్టంగా లేచింది. పాల నుంచి కొవ్వును హెక్సేన్, అసిటోన్ మిశ్రమంతో తీసి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడగడం మా పద్ధతి. ఆమ్లం తగలగానే కొవ్వు నల్లబడి అడుగుకు దిగిపోతుంది. పైన హెక్సేన్ పొర నీళ్ళలా తేటపడుతుంది. హెచ్‌సీహెచ్ ఐసోమర్లు మాత్రం ఆ ఆమ్లాన్ని తట్టుకుని పై పొరలోనే ఉండిపోతాయి. ఆ పొరను ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ ఉన్న గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తాం. మేము వాడే కాలమ్ మీద ఆల్ఫా ముందు వస్తుంది, తర్వాత బీటా, దాని వెంటనే గామా, ఆఖరున డెల్టా. బీటా, గామాలు పక్కపక్కనే రావడం వల్ల తొందరపడి చదివితే ఒకదాన్ని మరొకటిగా రాసేసే ప్రమాదం ఉంది. పైగా బీటాకు ఈ డిటెక్టర్ స్పందన మిగతా ఐసోమర్ల కన్నా తక్కువ కాబట్టి, పీక్ ఎత్తు చూసి పరిమాణాన్ని అంచనా వేయకూడదు; ప్రతి ఐసోమర్‌కూ విడిగా ప్రమాణ రేఖ గీయాలి.

నిర్ధారణకు రెండు దారులు వాడాం. అణువును ముక్కలు చేసి వాటి బరువులు చూపే మాస్ స్పెక్ట్రోమీటరులో, హెచ్‌సీహెచ్‌కు గుర్తైన 181, 183, 219 అయాన్లు తగిన నిష్పత్తిలో వచ్చాయి. రెండోది పాత పద్ధతి, నాకు ఇప్పటికీ దాని మీదే నమ్మకం ఎక్కువ. అదే సారాన్ని ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడుతో కాసేపు వేడిచేసి మళ్ళీ ఎక్కిస్తే, ఆల్ఫా, గామా, డెల్టాలు ట్రైక్లోరోబెంజీన్‌లుగా విరిగిపోయి వాటి పీక్‌లు మాయమవుతాయి, బీటా పీక్ మాత్రం నిలబడుతుంది. మా నమూనాలో సరిగ్గా అలాగే జరిగింది. ఆ పీక్‌ను ఇక వేరే దేనిగానూ పొరబడే అవకాశం లేకపోయింది.

పాలలో ఆల్ఫాకు కిలోకు 0.05, బీటాకు 0.02, గామాకు 0.01, డెల్టాకు 0.02 మిల్లీగ్రాములు మన దేశంలో అనుమతించిన హద్దులు. కూలరు పాలలో బీటా తన హద్దును కొద్దిగానే దాటింది. కానీ ఆ కూలరులో ఊళ్ళోని అన్ని ఇళ్ళ పాలూ కలుస్తాయి. అంతమంది పాలలో కలిసి పలచబడిన తర్వాత కూడా హద్దు దాటిందంటే, అందరి పాలలోనూ కొద్దికొద్దిగా ఉండాలి, లేదా ఏదో ఒక్క ఇంటి పాలలో చాలా ఎక్కువగా ఉండాలి. నిష్పత్తులు చూస్తే రెండోదే సబబనిపించింది. ఆల్ఫా చాలా తక్కువ, గామా దాదాపు లేదు, ఉన్నదంతా బీటాయే. లిండేన్‌ను కొత్తగా వాడితే గామా ముందుకు రావాలి. ముడి బీహెచ్‌సీని ఈ మధ్య వాడితే ఆల్ఫా ముందుకు రావాలి. బీటా ఒక్కటే మిగలడం పాత సరుకుకు గుర్తు, అది పశువు శరీరం గుండా వచ్చిందనడానికీ గుర్తు. ఎందుకంటే పశువు ఆల్ఫా, గామాలను కొంతవరకు విడగొట్టి వదిలించుకుంటుంది గాని, బీటాను కొవ్వులో దాచుకుని పాలలోకి పంపుతుంది.

జాడ

పాలు పోసేవారిని వీధుల వారీగా గుంపులు చేసి, ఒక్కో గుంపు పాలను కలిపి పరీక్షించి, బీటా ఉన్న గుంపును మళ్ళీ సగానికి విడగొట్టుకుంటూ పోతే చివరికి ఒకే ఇల్లు మిగిలింది. ఆ ఇంట్లో పాలిచ్చే గేదెలు నాలుగు, చూడి పడ్డ ఒకటి.

ఊళ్ళో అప్పటికే రకరకాల అనుమానాలు పుట్టాయి. రొయ్యల చెరువుల నీరు మురుగు కాలువలో కలుస్తోందనీ, ఆ కాలువ గట్టున కోసిన గడ్డి వల్లే ఇలా అయిందనీ కొందరన్నారు. రైతు అనుమానం పక్కింటివారి కొబ్బరితోట మీద. అక్కడ సర్పిలాకార తెల్లదోమకు మందు కొట్టించారట. సంస్థ తరఫున వచ్చిన ఉద్యోగి గోమార్లకు రాసే మందును తప్పుపట్టాడు. ఇవేవీ నిష్పత్తులతో పొసగవు. ఆ మందులేవీ హెచ్‌సీహెచ్ జాతివి కావు. వాటిలో ఏది పాలలోకి వచ్చినా మాకు కనిపించేది వేరే పీక్. అయినా తవుడు, తెలగపిండి, వరిగడ్డి, బోరు నీరు, కాలువ నీరు అన్నీ పరీక్షకు తీసుకున్నాం, ఎందుకంటే పల్లెటూళ్ళో ఒక అనుమానాన్ని మాటతో తీర్చలేం, కాగితం చూపించాలి. వాటిలో వేటిలోనూ పాలను ఆ స్థాయికి తీసుకెళ్ళేంత బీటా లేదు.

దారి చూపింది గేదెల మధ్య కనిపించిన తేడా. నాలుగింటి పాలను విడివిడిగా పరీక్షిస్తే, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి మొదటి ఈత ఈనిన గేదె పాలలో బీటా అన్నింటికన్నా ఎక్కువ. అదే పాకలో పెరిగి నాలుగైదు ఈతలు దాటిన పెద్ద గేదె పాలలో అంతకన్నా తక్కువ. కొద్ది నెలల కిందట సంతలో కొన్న గేదె పాలలో హద్దు లోపే ఉంది. ఇది నమ్మదగిన క్రమం. తొలి ఈత గేదె పుట్టినప్పటి నుంచి కొవ్వులో పోగుచేసుకున్నది మొదటిసారి పాలలోకి దిగుతుంది. పెద్ద గేదె ఈత ఈతకూ కొంత వదిలించుకుంటూ వచ్చింది. సంత గేదెకు పోగుచేసుకునేంత వ్యవధి దొరకలేదు. మేత వీటన్నింటికీ ఒకటే కాబట్టి, అసలు కారణం ఆ ఆవరణలోనే, కాలక్రమంలో ఒంటికి పట్టే చోటే ఉండి ఉండాలి.

పాకను అప్పుడు తీరిగ్గా చూశాం. కోనసీమలో పల్లపు నేల మీద పాక కట్టాలంటే ముందు మెరక తోలాలి. వానాకాలంలో నీరు నిలిచే చోట గేదెను కట్టేస్తే గిట్టలు చెడతాయి. ఈ పాక కింద మెరక మట్టిలో ఇటుక ముక్కలు, సున్నపు పెళ్ళలు, పెంకుల ముక్కలు కలిసి ఉన్నాయి. గాడి పాడైపోవడంతో పచ్చగడ్డిని నేల మీదే వేస్తున్నారు. పాక చుట్టూ అదే మెరక మీద నేపియర్ గడ్డి పెంచుతున్నారు. గడ్డి కోసినప్పుడు వేళ్ళతో పాటు వచ్చిన మట్టినీ, నేల మీద వేసిన మేతకు అంటుకున్న మట్టినీ, నాకిన మట్టినీ కలుపుకుంటే గేదె కడుపులోకి రోజూ వెళ్ళే మట్టి తక్కువేమీ కాదు.

ఆ మట్టి ఎక్కడిదని అడిగితే, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పడగొట్టిన పాత ఎరువుల కొట్టుదని రైతు చెప్పాడు. ఆ కొట్టులో ఒకప్పుడు హమాలీగా చేసిన పెద్దాయన ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన మాటలు నా నోటు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు ఇవి: "ఆయ్, గమాక్సిన్ బస్తాలు వరసల మీద వరసలు పేర్చేవాళ్ళమండి. గోనె చిరిగి కారితే ఊడ్చి మూలకి నెట్టేసేవాళ్ళం. తొంభయ్యారు తుఫానుకి పెంకులెగిరిపోయి బస్తాలన్నీ తడిసి గడ్డకట్టేశాయండి. ఇంక వాటిని ఎవరు కొంటారండి? అక్కడే ఉండిపోయాయి." 1996 నవంబరులో కోనసీమను ఊడ్చేసిన ఆ తుఫాను తర్వాత ఐదు నెలలకే నిషేధం అమల్లోకి వచ్చింది. అమ్మడానికి వీల్లేని, పారేయడానికి చోటులేని సరుకు కొట్టు నేలలోనే కలిసిపోయింది.

మట్టి చెప్పిన సంగతి

పాక నేలలో వేర్వేరు చోట్ల, వేర్వేరు లోతుల్లో మట్టి తీశాం. పారతో మెరకను విరగదీస్తుంటే ఒకచోట సున్నపు పెళ్ళకు అంటుకుని కోడిగుడ్డంత తెల్లటి గడ్డ దొరికింది. పగలగొడితే లోపలి నుంచి ముక్కిన వాసన గుప్పున వచ్చింది. దశాబ్దాలు గడిచినా హెచ్‌సీహెచ్ వాసన అలాగే ఉంటుంది. ఈ పొడి వాడిన నేలల్లో పండిన బంగాళాదుంపలకు కూడా ఆ వాసన పడుతుందన్నది దాన్ని వాడుతున్న రోజుల్లోనే తెలిసిన విషయం. ప్రయోగశాలలో ఆ గడ్డను విశ్లేషిస్తే ఆల్ఫా అన్నింటికన్నా ఎక్కువ, తర్వాత గామా, బీటా, డెల్టా ఒకదానికొకటి దరిదాపుల్లో వచ్చాయి. అంటే ముడి బీహెచ్‌సీ దాదాపు తయారైన నాటి నిష్పత్తిలోనే గడ్డ లోపల నిలిచి ఉంది. అదే గడ్డ చుట్టూ ఉన్న మట్టిలో మాత్రం బీటా ముందుకు వచ్చి, ఆల్ఫా వెనకబడి, గామా అడుగంటింది. పాలకు వచ్చేసరికి బీటా ఒక్కటే మిగిలింది. గడ్డ, మట్టి, పాలు వరసగా చూస్తే ఒకే సరుకు మూడు దశల్లో కనిపించింది. ఈ మూడు క్రొమటోగ్రామ్‌లను పక్కపక్కన పెట్టి చూపించాక ఊళ్ళో ఎవరూ తెల్లదోమ మందు ఊసెత్తలేదు.

ఇంకో పరిశీలనను నేను ఈ కేసులో అన్నిటికన్నా విలువైనదిగా భావిస్తాను. అదే రైతు వరి మళ్ళలో కూడా మట్టి తీశాం. ఆ మళ్ళలో ఏళ్ళ తరబడి, పంట పంటకూ ఈ పొడిని చేతులారా చల్లారు. అయినా అక్కడ హెచ్‌సీహెచ్ ఐసోమర్లు మా పరికరం కొలవగలిగే దిగువ హద్దు దగ్గరే ఉన్నాయి. నీరు నిలిచిన వరి నేలలో ఆక్సిజన్ అందని స్థితిలో సూక్ష్మజీవులు గామాను త్వరగా విడగొడతాయని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1960లలోనే తేలింది. కటక్ వరి పరిశోధన కేంద్రంలోనూ తర్వాత ఈ దిశలో చాలా పని జరిగింది. ఆల్ఫా కూడా అలాంటి నేలలో త్వరగానే పోతుంది. బీటా నెమ్మదిగా పోయినా, మడిలో పలచగా చల్లినది కాబట్టి దున్నకంలో, నీటిలో, ఒండ్రులో చెదిరిపోతుంది. ఎండి ఉన్న మెరక మీద, సున్నం కలిసిన పెళ్ళల మధ్య ఒకేచోట పోగుపడిన సరుకుకు ఈ సదుపాయాలేవీ లేవు. కాబట్టి డెల్టాలో పాత బీహెచ్‌సీ కోసం వెతికేవారు చేల కన్నా ముందు పాత కొట్లు, గోడౌన్ల గచ్చులు, వాటిని పడగొట్టిన మట్టితో మెరక చేసిన స్థలాలు చూడాలి. అవశేషాల సర్వేలు పంట పొలాల మీదే దృష్టి పెట్టడం వల్ల ఇలాంటి చోట్లు జాబితాలకు ఎక్కడం లేదని నా అభిప్రాయం.

ఇటలీలో రోమ్‌కు ఆగ్నేయంగా ఉన్న సాకో నది లోయలో 2005లో పాల నమూనాల్లో బీటా హెచ్‌సీహెచ్ బయటపడిన ఉదంతాన్ని ఇక్కడ పోల్చి చూడవచ్చు. అక్కడ పారిశ్రామిక వ్యర్థాలతో కలుషితమైన నది నీరు పశుగ్రాసం పండే నేలల్లోకి చేరింది, గ్రాసం నుంచి ఆవుల్లోకి, ఆవుల నుంచి పాలలోకి వచ్చింది. కాలుష్యం పరిమాణంలో ఆ లోయకూ ఈ పాకకూ పోలిక లేదు. దారి మాత్రం ఒకటే, ఐసోమర్ కూడా అదే. అక్కడా పాలే ముందుగా పట్టిచ్చాయి.

ఇంట్లో తీసుకున్న జాగ్రత్తలు

ఫలితం చెప్పిన రోజు ఇంటావిడ అడిగిన మొదటి ప్రశ్నను పశువైద్యుడు గాని నేను గాని ఊహించలేదు. "పాలు కేంద్రానికి వద్దంటే మానేస్తామండి. వెన్న తీసి నెయ్యి కాచుకుంటే ఇంట్లోకి పనికొస్తుంది కదండీ?" అంది. పాలు వృథా చేయని ఇంట్లో ఆ ఆలోచన సహజమే. కానీ బీటా ఉండేది కొవ్వులోనే, కాచినంత మాత్రాన పోదు. గేదె పాలలో వెన్న ఏడు శాతం అనుకుంటే కిలో నెయ్యికి సుమారు పద్నాలుగు కిలోల పాలు కావాలి. ఆ పద్నాలుగు కిలోల పాలలోని బీటా అంతా దాదాపు ఆ ఒక్క కిలో నెయ్యిలోకే చేరుతుంది. మజ్జిగలో మిగిలేది స్వల్పం. ఇంట్లో అప్పటికే డబ్బాలో ఉన్న నెయ్యిని కూడా పరీక్షించాం. లెక్క ఎలా చెప్పిందో అలాగే వచ్చింది. ఆ నెయ్యిని వాడకం నుంచి తీయించాం.

పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు ఆ ఇంట్లో బాలింతగా ఉంది. ఆమెకు ఈ గేదెల పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా ఆపించాం. బిడ్డకు తన పాలివ్వడం మాత్రం మానవద్దని గట్టిగా చెప్పాం. తల్లిపాలలో ఆర్గానోక్లోరిన్ అవశేషాలు ఉంటాయన్నది నిజమే అయినా, బిడ్డకు తల్లిపాల వల్ల కలిగే మేలు వాటి వల్ల కలిగే ముప్పు కన్నా ఎక్కువన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుసరిస్తున్న వైఖరి. ఇలాంటి వార్త విన్న ఇళ్ళలో ముందుగా బిడ్డకు డబ్బాపాలు పట్టే ఆలోచనే వస్తుంది కాబట్టి, ఈ మాటను ఫలితంతో పాటే చెప్పాలి.

దూడల విషయంలో పశువైద్యుడు వేరే నిర్ణయం తీసుకున్నారు. జున్నుపాలు తాగించడం తప్పదు. ఆ తర్వాత దూడలను తల్లుల దగ్గర విడవకుండా సంత గేదె పాలు పట్టించారు. శరీరంలోని బీటాను బయటికి తెచ్చే మందేదీ మా దగ్గర లేదు. పాలు పిండడమే దానికి ఉన్న దారి. అందువల్ల గేదెలను వట్టిపోనివ్వకుండా రోజూ రెండు పూటలా పిండి, ఆ పాలను పారబోయమన్నాం. ఈ సలహాను రైతు జీర్ణించుకోవడం కష్టమైంది. తవుడు, తెలగపిండి పెట్టి, పిండి, పాలు గోతిలో పోయడం ఎవరికైనా కష్టమే. గేదెలను సంతకు తోలేస్తానని ఒక దశలో అన్నాడు. అలా అమ్మితే సమస్య ఊరు మారుతుందే గాని తీరదని, కొన్నవాడి ఇంట్లోనూ పిల్లలుంటారని పశువైద్యుడు ఆయనతో చాలాసేపు మాట్లాడారు. చివరికి ఆగాడు. ఇలాంటి నష్టానికి పరిహారమిచ్చే పథకమేదీ మాకు కనబడలేదు. పాలు కొనే సంస్థ కూడా కొనడం ఆపిందే తప్ప నష్టంలో పాలు పంచుకోలేదు. కాలుష్యానికి ఏ విధంగానూ కారణం కాని రైతు ఒక్కడే ఖర్చంతా మోశాడు.

నేలను మార్చడం

గేదెలను పాకలోంచి తీసి కొబ్బరిచెట్ల కింద, మెరక తోలని పాత నేల మీద కట్టించాం. నేపియర్ గడ్డిని వేళ్ళతో సహా పీకించాం. మెరక మట్టిని అడుగున అసలు ఒండ్రు నేల తగిలే దాకా తవ్వించి, మందపాటి ప్లాస్టిక్ పట్టా మీద పోయించి, పైన కూడా పట్టా కప్పించాం. పని చేసేవారికి ముక్కుకు మాస్కులు, చేతికి తొడుగులు ఇచ్చి, దుమ్ము లేవకుండా మట్టిని తడుపుతూ తవ్వించాం. ఆ కుప్ప ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చే అయింది. గోదావరికి 1986 ఆగస్టులో వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరద నీటిమట్టం ఊళ్ళో పెద్దలందరికీ గుర్తే. కుప్పను ఆ మట్టానికి పైన, మురుగు కాలువకు దూరంగా పెట్టించాం. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రం విశాఖ దగ్గరి పరవాడలో ఉంది. మట్టిని అక్కడికి చేర్చడానికి కావలసిన కాగితాలు, ఖర్చు ఎవరివన్నది ఇంకా తేలలేదు.

పాత పెంటపోగును కూరపాదులకు వేయవద్దన్నాం. పేడలో కొంత, పేడతో కలిసిన పాక మట్టిలో కొంత బీటా ఉంటుంది. గుమ్మడి జాతి పాదులు ఈ తరహా ఆర్గానోక్లోరిన్లను మిగతా కూరల కన్నా ఎక్కువగా వేళ్ళతో పీల్చుకుంటాయని తెలిసిందే. పెరట్లోని గుమ్మడి, బీర పాదులను ఆ ఏడు వేయనివ్వలేదు. పాక నేలకు సిమెంటు గచ్చు, కొత్త గాడి వేయించి, మేతను గాడిలోనే వేసేలా చూశాం. పాక తిరిగి వాడకంలోకి వచ్చే ముందు గచ్చు చుట్టూ మిగిలిన నేలను మళ్ళీ పరీక్షించాం. ఒక మూల ఇంకా కొంత మట్టి తీయవలసి వచ్చింది.

తర్వాతి పాలు

నేల మారిన తర్వాత పాలలో బీటా మొదట చురుగ్గా తగ్గింది, తర్వాత తగ్గడం మందగించింది. రక్తంలోనూ, త్వరగా కదిలే కొవ్వులోనూ ఉన్నది ముందు పోయి, ఒంట్లో లోతుగా ఉన్న కొవ్వులోది నెమ్మదిగా రావడం వల్ల ఇలా జరుగుతుంది. సంత గేదె పాలు త్వరగా కేంద్రానికి తిరిగి వెళ్ళాయి. పెద్ద గేదె పాలు ఆ ఈత ముగియక ముందే హద్దులోకి వచ్చాయి. తొలి ఈత గేదె పాలు మాత్రం ఆ ఈతంతా హద్దుకు పైనే ఉండి, రెండో ఈతలో గాని దిగలేదు. రెండో ఈత మొదట్లో బీటా మళ్ళీ కొద్దిగా లేచింది. ఈనిన కొత్తలో గేదె తిన్న మేత చాలక ఒంటి కొవ్వును కరిగించి పాలిస్తుంది. ఆ కొవ్వుతో పాటు దాగి ఉన్న బీటా కూడా దిగుతుంది. ఈనిన వెంటనే తీసిన ఒక్క నమూనాను చూసి నేల మళ్ళీ కలుషితమైందని అనుకోకూడదు. నెల దాటాక తీసిన దానితో పోల్చి చూడాలి.

నమూనా తీసేవారికి ఒక మాట. గేదె పాలలో వెన్న పిండే పూటను బట్టీ, పిండే క్రమాన్ని బట్టీ మారుతుంది. మొదటి చారల్లో తక్కువ, ఆఖరి చారల్లో ఎక్కువ. బీటా వెన్నతో పాటే వస్తుంది కాబట్టి, ఆఖరి పాలే తీసుకుంటే ఫలితం పెరుగుతుంది, మొదటి పాలే తీసుకుంటే తగ్గుతుంది. పూర్తిగా పిండి, బాగా కలిపి, వెన్న శాతం కూడా కొలిచి రాసుకుంటేనే రెండు ఈతల ఫలితాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టగలం. హద్దు మొత్తం పాలకు చెప్పిన లెక్క గనుక, వెన్న ఎక్కువగా ఉండే గేదె పాలు ఆవు పాల కన్నా ముందే ఆ హద్దును తాకుతాయన్నది కూడా మనసులో ఉంచుకోవాలి.

చూడి పడ్డ ఇంకా ఈనలేదు. పుట్టినప్పటి నుంచి ఆ పాకలోనే పెరిగింది కాబట్టి, దాని మొదటి ఈత పాలు తొలి ఈత గేదె పాలలాగే ఉంటాయని మా అంచనా. ఈనాక దాని పాలను కేంద్రానికి పోయకుండా విడిగా ఉంచి, మొదటి నెలలో ఒకసారి, ఆ తర్వాత నెల నెలా పరీక్షించి, వరుసగా రెండు నమూనాలు హద్దు లోపల ఉంటేనే కూలరులో కలపాలని రైతుతోనూ సంస్థతోనూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాం.